చిన్న గేరు ముట్టుకున్నదెవరు

పొగ ముందు చూసింది వెల్డా. పక్క అద్దంలో చూసింది. తాము కాపురముండే మోటర్‌హోమ్ వెనక కట్టిన జీపు పొట్ట కిందనుంచి తెల్లగా, సన్నగా పొగ. బాణలిలో నూనె మాడినప్పుడు వచ్చేలాంటి పొగ.

"ఆపు," అంది.

ఓరిన్ ఆపలేదు. "దుమ్మే," అన్నాడు.

"దుమ్మేదో నాకు తెలీదా? పదకొండేళ్ళుగా ఈ దుమ్ములోనే తిరుగుతున్నా. ఆపవయ్యా!"

ఆపాడు. లార్డ్స్‌బర్గ్ దాటి పదిహేను మైళ్ళు వచ్చారు. అటూ ఇటూ ఎండిన నేల. గాలి. పెద్ద లారీలు పక్కనుంచి పోతుంటే ఇంత బండీ ఊగిపోతోంది. వెల్డా మంటలార్పే డబ్బా చేతపట్టుకుని వెనక్కి పరిగెత్తింది. అరవయ్యారేళ్ళ మనిషి, పరిగెత్తింది. డబ్బాతో పని పడలేదు. మంట లేదు. జీపు కింద ఎర్ర నూనె కారుతోంది. వచ్చిన దారి పొడుగునా చుక్కలు. వాసన ముక్కు పగలగొడుతోంది.

ఓరిన్ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. అక్టోబరులో ఆ భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. స్టీరింగు తిప్పడానికి సరిపోతుంది. నేలమీద పడుకుని జీపు కింద దూరడానికీ, సీలలు కొట్టడానికీ సరిపోదు. అందుకని ఈ చలికాలం నుంచి జీపు కట్టే పని వెల్డాకి వచ్చింది.

వంగి నూనె చూశాడు. లేచి పెళ్ళాం మొహం చూశాడు.

"చిన్న గేరు న్యూట్రల్‌లో వెయ్యడం మర్చిపోయావు," అన్నాడు.

అడగలేదు. చెప్పాడు.

"మర్చిపోలేదు."

"మరి ఇదేంటి?"

"ఇదేంటో నాకు తెలీదు. మర్చిపోలేదు."

"పదేళ్ళు కట్టాను వెల్డా. ఒక్కసారి కూడా—"

"యుమాలో చేతి బ్రేకు వేసి బయల్దేరిందెవరు? నేను వెనక నిలబడి గొంతు చించుకోకపోతే టైర్లు అరిగి రేకులయ్యేవి."

"అది వేరు."

"ఎందుకు వేరు?"

ఓరిన్ ఫోను తీసి లార్డ్స్‌బర్గ్‌లో ఎవరైనా మెకానిక్ ఉన్నాడేమో వెతకడం మొదలుపెట్టాడు.

కారుని పెద్ద బండి వెనక కట్టుకుపోయేవాళ్ళు రెండు రకాలు. కొందరు చిన్న ట్రాలీ మీద ఎక్కిస్తారు. వీళ్ళు నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి, ముందు కడ్డీ తగిలించి లాక్కుపోతారు. అలా పోతుంటే ఇంజను ఆగి ఉంటుంది, చక్రాలు మాత్రం తిరుగుతుంటాయి. చక్రాలకీ గేరుబాక్సుకీ లోపల సంబంధం తెంచెయ్యాలి. తెంచకపోతే గేరుబాక్సు నూనె అందక తిరిగి తిరిగి కాలిపోతుంది. వీళ్ళ జీపుకి రెండు గేర్లు, పెద్దదీ చిన్నదీ. చిన్నదాన్ని న్యూట్రల్‌లోకి లాగి, పెద్దదాన్ని తిరిగి పార్క్‌లో, అంటే బండి నిలిపి ఉంచే గేరులో, పెట్టాలి. ఈ జీపుకి అంతే. వేరే కార్లకి వేరే పద్ధతి. కొన్నిటికి ఉన్న ఒక్క గేరే న్యూట్రల్‌లో పెడితే చాలు. కొన్నిటిని అసలు కట్టనే కూడదు. ఏ బండికి ఆ బండి పుస్తకం చూసుకోవాల్సిందే.

వెల్డా ఆ పుస్తకంలో ఆ పేజీ అక్టోబరు, నవంబరు రెండు నెలలు చదివింది. కట్టేటప్పుడు ఒక్కో పనీ పైకి అనుకుంటూ చేస్తుంది. సీల ఒకటి. సీల రెండు. ఇనప తాళ్ళు. లైట్ల వైరు. బ్రేకు పెట్టె. చిన్న గేరు. పెద్ద గేరు ముందుకేసి చూడు, కదలకూడదు. వెనక్కేసి చూడు, కదలకూడదు. పార్క్. తాళం సగం తిప్పి వదిలెయ్, లేకపోతే స్టీరింగు బిగుసుకుంటుంది. ఎవరైనా వింటే పిచ్చిది అనుకుంటారు. అనుకోనీ అనుకుంది.

ఎందుకంటే భార్యాభర్తల మధ్య ఒక ఒప్పందం నడుస్తోంది. భుజం పోయినప్పుడు ఓరిన్ అన్నాడు, ఇంక చాలు, అమ్మేద్దాం, మా అక్క దగ్గర మీసాలో స్థలం ఉంది, అక్కడ ఉండిపోదాం అని. వెల్డా ఒప్పుకోలేదు. మీసాలో ఆ కాలనీ ఆమె చూసింది. అన్నీ చక్రాలు పీకేసిన ఇళ్ళు. ముందు కంకర పరిచిన జానెడు జాగా. మంగళవారం పేకాట, ఆదివారం వదిన గారి మాడిన మాంసం. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ ఒక్క చలికాలం చూద్దాం. వెల్డా కట్టగలిగితే తిరుగుదాం. కట్టలేకపోతే మీసా.

లాగుడు లారీ వచ్చింది. తెచ్చింది మెకానిక్కే. టెలెస్ఫోరో అని, బక్కగా, తెల్ల మీసాలు. దిగీ దిగగానే జీపు తలుపు తీసి, లోపల ఫోటోలు తీసుకున్నాడు. తర్వాతే గేరు మీద చెయ్యి వేశాడు. కడ్డీ విప్పి జీపుని లారీ మీదికి లాక్కున్నాడు. వెల్డా అతనికి సాయం పట్టింది. ఓరిన్ రోడ్డు పక్కన నిలబడి అక్కకి ఫోను చేశాడు. గాలికి ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"...అవునక్కా... కాదు, తను మర్చిపోయింది... ఏం చేస్తాం, వయసు... ఆ స్థలం ఆయనతో చెప్పి ఉంచు..."

వయసు! డెబ్భై నాలుగేళ్ళవాడు అరవయ్యారేళ్ళదాన్ని పట్టుకుని వయసంటున్నాడు. వెల్డాకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న సీలని లారీ రేకు మీద టపీమని కొట్టింది. టెలెస్ఫోరో ఆమె వంక చూసి, ఫోనులో ఉన్న ఆయన వంక చూసి, తన పని తాను చూసుకున్నాడు. తెలివైనవాడు.

ఆ రాత్రి లార్డ్స్‌బర్గ్‌లోనే ఉండిపోయారు. మర్నాడు టెలెస్ఫోరో షెడ్డులో జీపుని పైకెత్తి గంటసేపు చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"గేరుబాక్సు పోయిందమ్మా. బాగు చెయ్యడానికి ఏం లేదు, మార్చాల్సిందే. లోపల నూనె తిరగలేదు. డెబ్భై అయిదు మైళ్ళు నూనె అందకుండానే తిరిగింది." కాస్త ఆగి అడిగాడు. "కట్టిందెవరు?"

ఓరిన్ గడ్డంతో పెళ్ళాం వైపు చూపించాడు.

"చిన్న గేరు మామూలుగా రోడ్డు మీద నడిపే చోట ఉందమ్మా. న్యూట్రల్‌లో లేదు."

"చూశావా?" అన్నాడు ఓరిన్.

వెల్డాకి ఒక్క క్షణం తనమీద తనకే అనుమానం వచ్చింది. లాగానా? లాగాననే అనుకున్నానా? అరచేయి తెరిచి చూసుకుంది. ఆ గేరు బిగుతు. రెండు చేతులతో లాగాలి. లాగినప్పుడు అరచేతిలో నొక్కుకుంటుంది. నిన్న నొక్కుకున్నదా, మొన్న నొక్కుకున్నదా? చేతిని అడిగితే ఏం చెబుతుంది.

"పెద్దదో?" అంది.

"ఏమిటీ?"

"పెద్ద గేరు ఎక్కడుంది?"

"న్యూట్రల్‌లో."

"నువ్వు పెట్టావా?"

"అందుకే గదమ్మా ముందు ఫోటో తీసుకునేది. లేకపోతే రేపు మీరు నన్నంటారు." ఫోను తీసి చూపించాడు. చిన్నది రోడ్డు గేరులో. పెద్దది న్యూట్రల్‌లో. స్పష్టంగా ఉంది.

వెల్డా ఆ ఫోటోని చాలాసేపు చూసింది. చూస్తుంటే లోపలినుంచి వేడి ఎక్కడం మొదలైంది. పొయ్యి రాజుకున్నట్టు.

"నేను మర్చిపోయి ఉంటే పెద్దది పార్క్‌లో ఉండేది," అంది. "అవునా కాదా?"

"అవును," అన్నాడు టెలెస్ఫోరో.

"పార్క్‌లో ఉండి, చిన్నది రోడ్డు గేరులో ఉంటే, వెనక చక్రాలు తిరగవు. డెమింగ్‌లో బయల్దేరగానే ఈడ్చుకుంటూ వచ్చేవి. నేను వెనక నిలబడి చూశాను. పది అడుగులు లాగించి చూశాను. నాలుగూ తిరిగాయి."

టెలెస్ఫోరో మీసం దువ్వుకున్నాడు. "అదీ నిజమే."

"మర్చిపోయే మనిషి చెయ్యాల్సింది చెయ్యదు. ఇక్కడ రెండు గేర్లూ ఎవరో మార్చారు. మర్చిపోవడం కాదు ఇది. చెయ్యి పెట్టడం." మొగుడి వైపు తిరిగింది. "నువ్వేనా?"

"నేనా?"

"నేను కట్టాక వెనకాలే వెళ్ళి చూస్తావుగా! దొంగచాటుగా. సీలలు లాగి చూస్తావు, నేను చూడట్లేదనుకుంటావు."

"సీలలు చూశాను. లోపలికి ఎక్కలేదు. ఒట్టు."

ఓరిన్ అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ చెవులు ఎప్పుడూ ఆమెని మోసం చెయ్యలేదు. చూసింది. ఎర్రబడలేదు. చలికి కాస్త నీలంగా ఉన్నాయంతే.

మరి ఎవరు?

వాళ్ళు బయల్దేరిన డెమింగ్‌లో, ఇలాంటి బళ్ళు ఆగే క్యాంపులో ఒక అలవాటుంది. పొద్దున్నే మగవాళ్ళంతా మడత కుర్చీలు వేసుకుని, కాఫీ కప్పులు పట్టుకుని కూర్చుంటారు. ఎవరైనా బండి కట్టి బయల్దేరుతుంటే అదే వాళ్ళకి వినోదం. కడ్డీ పక్కకి పోయిందనీ, వైరు వేలాడుతోందనీ అక్కడినుంచే అరుస్తుంటారు. మగవాడు కడుతుంటే ఒకటీ అరా అరుస్తారు. వెల్డా కడుతుంటే మాత్రం కుర్చీలు దగ్గరికి జరిగేవి.

అందులో ముందుండేవాడు హోలిస్. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపి రిటైరైనవాడు. అందరికీ అన్నీ చెబుతాడు. వెల్డాని అమ్మాయ్ అంటాడు. నిన్న పొద్దునా అదే.

"అమ్మాయ్, ఓరిన్‌ని పిలవనా?"

"అక్కర్లేదు."

"సీల తిరగేసి కొడుతున్నావేమో చూసుకో."

"నీ కాఫీ చల్లారుతోంది చూసుకో."

అంతా నవ్వారు. వెల్డా కట్టడం ముగించి, పద్ధతి ప్రకారం తాళం జీపులోనే వదిలి, లోపలికి వెళ్ళింది. కప్పులు కడిగింది. బండి పక్కనుంచి బయటికి జరిపిన గదిని మళ్ళీ లోపలికి జరిపింది. ఇరవై నిమిషాలు. ఓరిన్ ఆఫీసులో గేటు తాళం అప్పగించడానికి వెళ్ళాడు. ఆ ఇరవై నిమిషాలూ జీపు తలుపు తాళం వెయ్యకుండానే ఉంది. కుర్చీలు అక్కడే ఉన్నాయి.

మర్నాడు పొద్దున పెద్ద బండి డ్రైవరు సీట్లో వెల్డా కూర్చుంది.

"మీసా అటు," అన్నాడు ఓరిన్.

"తెలుసు."

"మరి ఇటు తిప్పుతావేం?"

"డెమింగ్ ఇటు."

"వెల్డా, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు వెళ్ళి అందరిమీదా పడితే ఏమొస్తుంది?"

"నాకేమొస్తుందో నాకు తెలుసు. బెల్టు పెట్టుకో."

అరవై మైళ్ళ దారి. ఆ బండిని ఆమె అంతకుముందు నడిపింది ఎన్నిసార్లో వేళ్ళమీద చెప్పొచ్చు. ఆ రోజు గాలికి కూడా భయపడలేదు. కోపంలో ఉన్న మనిషికి గాలి ఏం లెక్క. ఓరిన్ రెండుసార్లు "నెమ్మది" అన్నాడు. మూడోసారి అనలేదు.

క్యాంపులో కుర్చీలు వేసే ఉన్నాయి. హోలిస్, ఇంకో ముగ్గురు. వెల్డా బండిని వాళ్ళ ముందు దారికి అడ్డంగా ఆపింది. దిగింది.

"అరె!" అన్నాడు హోలిస్. "అప్పుడే వచ్చేశారేం? ఏం మర్చిపోయావ్ అమ్మాయ్? జీపేదీ?"

"అదే అడగడానికి వచ్చా. మొన్న పొద్దున నా జీపులోకి ఎక్కిందెవరు?"

ముగ్గురూ కప్పుల్లోకి చూసుకున్నారు. హోలిస్ మాత్రం బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు. నవ్వుతూ ఎత్తాడు.

దారంతా వెల్డా అబద్ధం వినడానికి సిద్ధపడి వచ్చింది. నాకేం తెలుసు అంటాడు, నేను కాదు అంటాడు, అప్పుడు ఈ మాట అనాలి, ఆ మాట అనాలి అని పేర్చుకుని వచ్చింది. ఆ నవ్వుకి సిద్ధపడలేదు.

"నేనే. చెబుదామనే అనుకున్నా. నలుగురిలో చెబితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. పార్క్‌లో వదిలేశావు అమ్మాయ్! అలా కట్టుకుపోతే ఏమయ్యేదో తెలుసా? నేను గాని చూడకపోతే! న్యూట్రల్‌లో పెట్టి, తలుపు నెమ్మదిగా మూసి వచ్చేశా."

"చిన్నదో?"

"అదా? అదెక్కడో మధ్యలో వేలాడుతోంది. దిగేటప్పుడు నీ మోకాలు తగిలి ఉంటుంది. గట్టిగా తోసి దాని చోట దాన్ని పెట్టా. అబ్బో, ఎంత బిగుతుగా ఉందో. కాస్త నూనె వెయ్యమను ఓరిన్‌ని." పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "ఆడవాళ్ళ తప్పు కాదు లెండి. నేర్పేవాళ్ళు సరిగ్గా నేర్పరు."

కప్పు ఎత్తి ఒక గుటక వేశాడు.

"ఎవర్నడిగి ఎక్కావు?" అంది వెల్డా.

"ఆఁ?"

"నా బండి ఎవర్నడిగి ఎక్కావు?"

"అడిగేదేముంది, సాయం—"

"సాయమా! లార్డ్స్‌బర్గ్‌లో పొట్ట చీల్చుకుని వేలాడుతోంది నా జీపు. నీ సాయానికి గేరుబాక్సు మాడి బొగ్గయింది. అది మధ్యలో వేలాడటం లేదు. అదే దాని న్యూట్రల్. రెండు చేతులతో లాగి అక్కడ పెట్టాను. రెండు నెలలు పుస్తకం చదివి పెట్టాను. నువ్వెక్కి అర నిమిషంలో పీకేశావు."

హోలిస్ నవ్వు సగం పోయింది. సగం ఇంకా మొహానికి అంటుకుని ఉంది. "అలా ఎలా అవుతుంది? ఎవరైనా న్యూట్రల్‌లోనే కదా—"

"నీ కారుకి! నీ కారుకి రెండో గేరే లేదు!"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను నేను."

"ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ బస్సుని ఎవడైనా వెనక కట్టుకుపోయాడా?"

చివరి కుర్చీలో ఆయన ఫక్కున నవ్వాడు. వెల్డా అతని వైపు తిరిగింది.

"నవ్వకు. నిన్ను నవ్వించడానికి అరవై మైళ్ళు రాలేదు. మీరు ముగ్గురూ ఇక్కడే కూర్చున్నారు. ఎక్కడం చూశారు. మార్చడం చూశారు. నా తలుపు ఇదిగో, ఇంత దూరం. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి తట్టాడా?"

"నీకు మంచే చేస్తున్నాడనుకున్నామమ్మా," అన్నాడతను.

"పదేళ్ళు ఓరిన్ కట్టాడు ఈ జీపుని. ఎవరైనా ఎక్కారా అందులోకి? ఎక్కి గేర్లు మార్చారా? ఓరిన్ మార్చి ఉంటే మీరేమనుకునేవాళ్ళు? ఏదో కారణం ఉండి పెట్టి ఉంటాడు అనుకునేవాళ్ళు. నేను పెడితే మోకాలు తగిలింది!"

హోలిస్ మొహం మెడదాకా ఎర్రబడింది. కప్పు నేలమీద పెట్టాడు. గాలికి అది పడిపోయి కాఫీ ఇసకలో ఇంకిపోయింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"మంచికే చేశాను," అన్నాడు. ఈసారి గొంతు చిన్నదైంది.

అప్పుడు వెనకనుంచి ఓరిన్ అన్నాడు, "పోనీలే వెల్డా. మంచి ఉద్దేశంతోనే చేశాడు పాపం."

వెల్డా వెంటనే తిరగలేదు. కాసేపటికి తిరిగింది. హోలిస్ మీద అరిచినట్టు అరవలేదు. అరిచి ఉంటే ఓరిన్‌కి బాగుండేది.

"ఉద్దేశం," అంది. "రోడ్డు మీద నూనె చూడగానే నన్నేమన్నావ్?"

"అప్పుడు నాకు తెలీదు గదా—"

"తెలీదు. తెలీకపోయినా అన్నావు. మర్చిపోయావన్నావు. మీ అక్కకి ఫోను చేసి వయసైపోయిందన్నావు. అతను నా గేరుబాక్సు కాల్చేస్తే మంచి ఉద్దేశం. నేను ఏమీ చెయ్యకుండానే మర్చిపోయాను. ఏమయ్యా, నా ఉద్దేశం ఒక్కసారన్నా అడిగావా? నువ్వు పెట్టావా వెల్డా, అని ఒక్క మాట?"

ఓరిన్ భుజం పట్టుకున్నాడు. నొప్పి లేకపోయినా పట్టుకుంటాడు, మాట దొరకనప్పుడు.

"ఫోను తియ్," అంది.

"ఎందుకు?"

"మీ అక్కకి చెయ్. అందరికీ వినపడేట్టు పెట్టు."

"ఇక్కడా?"

"ఇక్కడే. రోడ్డు మీద గాలిలో చెప్పినవాడివి, ఇక్కడ చెప్పలేవా?"

చేశాడు. రెండుసార్లు మోగాక లోర్నా ఎత్తింది. డెబ్భై తొమ్మిదేళ్ళున్నా గొంతు కంచు.

"ఒరేయ్, ఆ స్థలం ఆయనతో మాట్లాడా. ఎల్లుండి వచ్చి చూసుకోమన్నాడు."

"అదీ... అక్కా... మేం రావట్లేదు. చిన్న పొరపాటు జరిగింది."

"ఎవరిది?" అంది వెల్డా.

"హోలిస్‌ది," అన్నాడు ఓరిన్ ఫోనులో.

"హోలిస్ ఎవర్రా?"

హోలిస్ కుర్చీలో ఇంకా కిందికి జారాడు.

"ఇంకా?" అంది వెల్డా.

ఓరిన్ నేల చూశాడు. ముగ్గురు మగవాళ్ళూ అతన్ని చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు. "నాది కూడా," అన్నాడు. "వెల్డా మర్చిపోయిందని నీకు చెప్పాను. తను మర్చిపోలేదు. సరిగ్గానే కట్టింది. నేనే... అడక్కుండా అనేశాను."

అవతల గిన్నె చప్పుడైంది.

"అయితే ఆదివారం భోజనానికి రారా?" అంది లోర్నా. "మాంసం తీసి బయట పెట్టేశానే!"

ఆ సాయంత్రం హోలిస్ టోపీ చేత్తో పట్టుకుని వీళ్ళ తలుపు దగ్గరికొచ్చాడు. వెల్డా తలుపు జానెడు తెరిచింది.

"గేరుబాక్సు నేను వేయిస్తాను," అన్నాడు.

"వేయించు."

"పుస్తకం చూశాను. మా మనవడు ఫోనులో చూపించాడు. నువ్వు చెప్పిందే ఉంది అందులో."

"నాకు తెలుసు ఏముందో."

"ఇంకేమన్నా చెయ్యాలంటే అమ్మాయ్—"

"అమ్మాయ్ అనకు."

తలుపు వేసింది. అవతల అతను మెట్టుమీద ఇంకాసేపు నిలబడ్డాడు. గాలికి టోపీ ఎగిరిపోయిన చప్పుడు, దాని వెనక అతను పరిగెత్తిన చప్పుడు వినిపించాయి. ఇంకో రోజైతే నవ్వేది.

పందొమ్మిది రోజులకి జీపు తయారైంది. టెలెస్ఫోరో షెడ్డు వెనక జాగాలో కట్టింది వెల్డా. సీల ఒకటి. సీల రెండు. టెలెస్ఫోరో షెడ్డులోనే ఉండిపోయాడు. ఒక్కసారి తొంగిచూసి, బాగుందో బాగాలేదో కూడా చెప్పకుండా లోపలికి పోయాడు. అతనంటే ఆమెకి అందుకే గౌరవం.

ఈసారి పెద్ద బండి నడిపేది వెల్డా. వెనక నిలబడి చక్రాలు చూసేది ఓరిన్. పదేళ్ళు తను నిలబడ్డ చోట అతన్ని నిలబెట్టింది. పది అడుగులు లాగించింది.

"తిరుగుతున్నాయా?"

"నాలుగూ తిరుగుతున్నాయి!"

తిరిగితే ఏమిటి. ఆ రోజూ తిరిగాయి. ఇప్పుడా సంగతి ఇద్దరికీ తెలుసు. చక్రాలు చూస్తే ఏమీ తెలీదు. లోపల ఏముందో వెల్డా మాట ఒక్కటే ఆధారం.

ఓరిన్ మెట్టుమీద కాలు పెట్టి ఆగాడు. "వెల్డా, ఒక్కసారి... లోపలికి చూసి రానా?"

ఆమె అతని వంక చూడలేదు. రోడ్డు వంకే చూసింది. వెళ్ళి చూస్తే చూడనీ. అతన్ని ఇక్కడే దింపి పోతాను. మీసాకి బస్సు లార్డ్స్‌బర్గ్‌లోనే ఆగుతుంది. ఊరికే అనుకోలేదు, నిజంగానే అనుకుంది.

ఓరిన్ ఇంకో మెట్టు ఎక్కాడు. సీట్లో కూర్చున్నాడు. ఒంటిచేత్తో బెల్టు లాక్కుని పెట్టుకున్నాడు.

"పద," అన్నాడు.

బయల్దేరారు. ఊరు దాటారు. పెద్ద రోడ్డెక్కారు. రెండు మైళ్ళు, మూడు మైళ్ళు. ఓరిన్ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. వెల్డా చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

లాగానా?

లాగాను. పైకి అనుకుంటూ లాగాను. ముందుకేసి చూశాను, కదల్లేదు. వెనక్కేసి చూశాను, కదల్లేదు.

నిజంగా లాగానా?

పదేళ్ళు ఓరిన్ ఒక్కరోజు ఇలా అనుకున్నాడా? అనుకోలేదు. చేతి బ్రేకు వేసి బయల్దేరినవాడు, మర్నాడు ఈల వేసుకుంటూ కట్టాడు. ఏ తప్పూ చెయ్యనిదానికి తనకి ఈ పురుగు. ఇది తనలో పుట్టింది కాదు. అర నిమిషం జీపెక్కినవాడొకడు, అడక్కుండా అన్నవాడొకడు, ఇద్దరూ కలిసి తన తలలో పెట్టి పోయారు. గేరుబాక్సు మార్చొచ్చు. దీన్నెవడు మారుస్తాడు?

ఆరో మైలు దగ్గర బండి పక్కకి తీసి ఆపింది. దిగింది. తలుపు ధడేల్మని వేసింది. గాలికి జుట్టంతా మొహం మీద పడుతుంటే జీపు దాకా నడిచింది, తలుపు తీసింది, లోపలికి చూసింది.

చిన్నది న్యూట్రల్‌లో ఉంది. పెద్దది పార్క్‌లో ఉంది.

ఉంటాయి. ఎక్కడికి పోతాయి. జీపు టైరుని ఒక్క తన్ను తన్నింది. కాలి వేళ్ళు నొప్పి పుట్టాయి. ఇంకో తన్ను తన్నింది.

తిరిగొచ్చి సీట్లో కూర్చుంది. రొప్పుతోంది. ఓరిన్ పాట ఆపేశాడు.

"ఒక్క మాట మాట్లాడావంటే," అంది.

అతను సరిగ్గా ఉందా అని కూడా అడగలేదు. ముందున్న రోడ్డుని చూస్తూ కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

వెల్డా అద్దంలో వెనక లారీలు లేవని చూసుకుని, బండిని రోడ్డు మీదికి ఎక్కించింది.